బొగ్గుట్ట నేర్పిన లెక్క

పెళ్లిళ్లలోనో, జనాజా నమాజుల దగ్గరో మా ఊరివాళ్లం నలుగురం కలిస్తే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఇల్లందుకే చేరతాయి. క్వార్టర్ల మధ్య సందులు, సైరన్ మోత, ఒకే కుళాయి దగ్గర పది ఇళ్ల బిందెలు, దసరాకు వాళ్ల ఇంటి గారెలు, ఈద్‌కు మా ఇంటి షీర్ ఖుర్మా. గంటలు గడిచినా ఎవరమూ లేవం. పక్కన కూర్చున్న మా పిల్లలకు మాత్రం ఇది వింతగా ఉంటుంది. "దుమ్ము, పొగ, బొగ్గు తప్ప ఏమీ లేని ఊరు గురించి అంత మురిసిపోతారేంటి అబ్బా?" అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే. ఇందులో మా ఊరి ముచ్చట్లు ఉన్నాయి. వాటితో పాటు, ఆ ముచ్చట్లు చెప్పుకుంటూ నేను మరచిపోయిన ఒక మనిషి సంగతీ ఉంది.

ఊరు ఎలా పుట్టింది

ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఇల్లందును చుట్టుపక్కల పల్లెల్లో బొగ్గుట్ట అంటారు. 1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు కనుగొన్నారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం రాజ్యంలో గనుల హక్కులు పొందింది. 1889 నాటికి బొగ్గు తీయడం మొదలైంది. దగ్గరలోని సింగరేణి అనే పల్లె పేరే ఈ బొగ్గుకు, తర్వాత కంపెనీకి స్థిరపడింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ తేదీన సింగరేణి దినోత్సవం జరపడానికి కారణం అదే. 1945లో హైదరాబాద్ రాజ్యం కంపెనీ వాటాల్లో ఎక్కువ భాగం కొని తన చేతిలోకి తీసుకుంది.

తర్వాత గోదావరి లోయ పొడవునా కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, గోదావరిఖని, మణుగూరు, భూపాలపల్లి బొగ్గు ఊళ్లుగా ఎదిగాయి. వాటన్నిటికీ పెద్దక్క మా ఇల్లందు.

బొగ్గు ఊరికి ఒక లక్షణం ఉంది. తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు తక్కువ. పని కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. మా లైనులో కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు, ఉత్తరాది నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నవాళ్లు ఉండేవారు. మా తాత వరంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి గని వర్క్‌షాపులో చేరాడు. చాచా, ఖాలా అని పిలవడానికి సొంత బంధువులు దగ్గర లేరు కాబట్టి పక్కింటివాళ్లే మాకు మామ, అత్త అయ్యారు. ఎవరి పండుగ వాళ్లదే అయినా వంట మాత్రం లైను మొత్తానికీ. బాయి మొగదల మైసమ్మకు వాళ్లు మొక్కితే, పీర్ల పండుగ రోజు పీరు ముందు వాళ్లే కుడుకలు, ఊదు పెట్టేవారు. దగ్గరలోని సత్యనారాయణపురం నాగుల్ మీరా దర్గా ఉర్సుకు వెళ్లినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఊరి గడియారం

మా ఇంట్లో చాలా ఏళ్లు గోడ గడియారం లేదు. అవసరమూ లేదు. రోజుకు మూడు షిఫ్టులు, మూడు షిఫ్టులకూ సైరన్లు. మొదటి సైరన్‌కు అమ్మ లేచేది, రెండో సైరన్‌కు అబ్బా టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటేవాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పగలు పడుకోవాలి కాబట్టి పిల్లలం లైనులో గట్టిగా అరవకూడదు. "మామ నైట్ షిఫ్టు దిగిండు" అంటే చాలు, గోళీలాట ఇంకో వీధికి మారిపోయేది. ఒకరి నిద్రకు ఊరంతా మర్యాద ఇవ్వడం నేను అక్కడే చూశాను.

సాయంత్రం పూట ప్రతి ఇంటి ముందూ బొగ్గు రాజేసేవారు. పచ్చి బొగ్గు పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి బయటే మండించి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక పొయ్యిని లోపలికి తెచ్చేవారు. ఆ అరగంట ఊరంతా పొగ కమ్ముకునేది. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. ఆ పొగ మా తల్లుల ఊపిరితిత్తులకు ఏం చేసిందో అప్పట్లో ఎవరమూ ఆలోచించలేదు.

ల్యాంపు రూము

మా అబ్బా కోల్ ఫిల్లర్. బొగ్గు పేల్చిన తర్వాత తట్టలతో, పారలతో ఎత్తి టబ్బులు నింపడం ఆయన పని. ఒక టబ్బులో టన్నుకు అటూ ఇటుగా బొగ్గు పడుతుంది. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి.

గనిలోకి దిగే ముందు ప్రతి కార్మికుడూ ల్యాంపు రూముకు వెళ్లాలి. అక్కడ గడులు గడులుగా చేసిన పెద్ద అల్మారాలో నంబర్లు వేసిన దీపాలు ఛార్జింగులో ఉంటాయి. తన నంబరు బిళ్ల ఇచ్చి, తన దీపం తీసుకోవాలి. బ్యాటరీ నడుముకు, దీపం టోపీకి. షిఫ్టు అయ్యాక దీపం తిరిగి అదే గడిలో పెట్టి బిళ్ల తీసుకోవాలి. లోపలికి వెళ్లేటప్పుడు జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె ఉండకూడదు. బొగ్గు పొరల నుంచి మండే వాయువు వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

చిన్నప్పుడు నేను ఈ బిళ్లల ఏర్పాటు దీపాలు పోకుండా అనుకున్నాను. అసలు సంగతి అబ్బా చెప్పాడు. షిఫ్టు అయిపోయాక అల్మారాలో ఏదైనా గడి ఖాళీగా కనిపిస్తే, ఆ నంబరు మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. అప్పుడు వెతకడానికి మనుషులు దిగాలి. భూమి లోపల ఏ క్షణాన ఎవరెవరు ఉన్నారో తెలిసేలా లెక్క ఉండాలని అప్పటి 1952 నాటి గనుల చట్టమే చెప్పేది. పేదవాడైనా, కొత్తవాడైనా, ఎవరితోనూ మాటల్లేనివాడైనా సరే, అతని గడి ఖాళీగా ఉంటే వెతకాల్సిందే.

ఆ లెక్క ఎంత విలువైనదో బొగ్గు ఊళ్లవాళ్లకు తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో ఒక గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికి నేను ఊరు వదిలి చాలా ఏళ్లయింది. అయినా టీవీలో ఆ వార్త చూస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఖాళీ గడులే కనిపించాయి.

మా లైనులోనూ ఒక సాయంత్రం ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. అది మా పక్కింటి మామది. ఆయన టింబర్‌మన్. ఆ రోజు జ్వరంతోనే పనికి దిగాడట. తిరిగి వచ్చే దారిలో కళ్లు తిరిగి, మిగతావాళ్లకు కనిపించకుండా పక్క గ్యాలరీలోకి వెళ్లి కూలబడ్డాడు. పైన అందరూ దీపాలు అప్పజెప్పారు, ఒక్కటి తక్కువ. అబ్బా అప్పుడే షిఫ్టు దిగి స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు. మాట చెవిన పడగానే బకెట్టు అక్కడే వదిలి పరుగెత్తాడు. అమ్మ మా తమ్ముడిని చంకనెత్తుకుని అత్త దగ్గర కూర్చుంది. ఆ రాత్రి లైనులో ఎవరి ఇంటి ముందూ పొయ్యి వెలగలేదు. రెండు గంటల తర్వాత మామను చేతుల మీద తెచ్చారు. నిమ్మరసం తాగి లేచి కూర్చుని, "నా దీపం అప్పజెప్పిన్రా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అత్త మాత్రం అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

బావి లోపల రోజా

గని లోపల ఎలా ఉంటుందో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. పాత పద్ధతిలో బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తొలుస్తూ పోతారు. మధ్యలో పైకప్పును మోయడానికి బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. వీటినే పిల్లర్లు అంటారు. తర్వాత చివరి నుంచి వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తీస్తారు. అన్నిటికంటే ప్రమాదమైన పని అదే. అప్పుడు కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టేవారు. కప్పు బరువు దిగడం మొదలైతే కర్ర ముందుగా చిటపటలాడుతుంది. మామలాంటి టింబర్‌మన్లు ఆ చప్పుడు విని "జరుగుండ్రి" అని అరిచేవారు. కర్ర మాట్లాడుతుందని మామ అనేవాడు.

లోపల ఉక్క, చెమట, ధూళి. అప్పటి గనుల చట్టంలో ఒక చిన్న నియమం ఈ కష్టాన్ని ఒప్పుకునేది. జీతంతో కూడిన సెలవుకు అర్హత రావాలంటే పైన పనిచేసేవారికి ఏడాదికి 240 హాజర్లు కావాల్సి వచ్చేవి, భూగర్భంలో పనిచేసేవారికి 190 సరిపోయేవి. మా ఊళ్లో ఆడవాళ్లు కూడా "ఈ యేడు మస్టర్లు నిండినయా?" అని మాట్లాడుకునేవారు.

రంజాన్‌లో అబ్బాకు రెండో షిఫ్టు పడితే మగ్రిబ్ వేళకు ఆయన భూమి లోపలే. అజాన్ వినబడదు, పొద్దు కనబడదు. సర్దార్ చేతి గడియారమే ఆధారం. అమ్మ చిన్న గుడ్డలో నాలుగు ఖర్జూరాలు మూటగట్టి ఇచ్చేది. ఇఫ్తార్ సమయానికి మామ వచ్చి, "నువ్వు కూసో, నీ టబ్బు నేను జూస్త" అని తట్ట అందుకునేవాడట. టబ్బు నిండకపోతే అబ్బా కూలి తగ్గుతుంది. మామది నెల జీతం, ఆ టబ్బుతో ఆయనకు పైసా రాదు. అబ్బా ఒక ఖర్జూరం ఆయన చేతిలో పెట్టేవాడు. "రోజా లేకున్నా ఖర్జూరం నాకే ముందు" అని మామ ఇంటికొచ్చి మాతో గొప్పలు చెప్పేవాడు.

జీతాల రోజు పరిచిన తువ్వాలు

ఎవరింట్లో పెద్ద జబ్బు వచ్చినా, ఎవరైనా పోయినా, జీతాల రోజు కౌంటరు బయట ఒక తువ్వాలు పరిచేవారు. జీతం తీసుకుని వచ్చే ప్రతివాడూ తోచినంత వేసి వెళ్లేవాడు. ఎవరు ఎంత వేశారో రాసుకునేవారు కాదు, పైకి చదివేవారు కాదు. చివర్లో యూనియన్ పెద్ద ఒకరు, మసీదు కమిటీ పెద్ద ఒకరు, ఇంకో ఇద్దరు కలిసి ఆ ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చేవారు.

దానధర్మాల గురించి పెద్దలు చెప్పినవి తర్వాత ఎన్నో విన్నాను. నేను మొదట చూసిన సదఖా మాత్రం ఆ తువ్వాలే. అందులో డబ్బుకంటే ముందు జరిగే పని ఒకటి ఉంది. ఫలానా ఇంట్లో కష్టం వచ్చిందని ఎవరో గమనించాలి, నలుగురికీ చెప్పాలి. ఒకే గనిలో పని, ఒకే లైనులో ఇల్లు, ఒకే కుళాయి కాబట్టి ఆ గమనింపు దానంతటదే జరిగిపోయేది. అందుకే దానిని ఎవరూ గొప్పగా అనుకోలేదు.

గడులు చెదిరిపోయాయి

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, పెరిగింది. మనుషులు తట్టలతో మోసిన పనిని యంత్రాలు అందుకున్నాయి. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. నేలను పైనుంచి తవ్వుతూ, పెద్ద యంత్రాలతో బొగ్గు తీయడానికి మా నాన్నల లాంటివాళ్లు అంతమంది అక్కర్లేదు. ఇల్లందులో మా చిన్నప్పటి బావులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మా తరం హైదరాబాద్‌కు, గల్ఫ్‌కు, కొందరం అమెరికాకు వెళ్లిపోయాం.

వెనక మిగిలినవాళ్లు ఎవరు? రిటైరైన కార్మికులు, వాళ్ల భార్యలు. బొగ్గు ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదు. పని మానేసిన ఎన్నో ఏళ్లకు కూడా అది బయటపడవచ్చు. మా అబ్బా చివరి నాలుగేళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. 1998లో బొగ్గు గని కార్మికులకు పింఛను పథకం వచ్చింది. కానీ అది ధరలతో పాటు ఏటా పెరిగే పింఛను కాదు. పాత జీతాల మీద రిటైరైనవాళ్లకు వచ్చేది చాలా కొద్ది.

ఇంకో చిక్కు బయటివాళ్లకు అంతగా తెలియనిది, మారుపేర్లు. చాలా ఏళ్ల క్రితం గనిలో చేరినప్పుడు ఎందరో సొంత పేరుతో కాకుండా మరో పేరుతో చేరారు. చుట్టం పేరు మీద పని దొరికితే ఆ పేరే మస్టరులో పడింది. పనిచేసినన్నాళ్లూ అడిగినవాడు లేడు. రిటైరయ్యాక ఆధార్‌లో ఒక పేరు, సర్వీసు కాగితాల్లో ఇంకో పేరు. మనిషి బతికి ఉన్నంతకాలం ఎలాగో గడుస్తుంది. పోయాక అతని భార్య ఇద్దరు మనుషులు ఒక్కరేనని రుజువు చేయాలి.

నేను చూడని గడి

మా పక్కింటి మామకూ సరిగ్గా అదే జరిగింది. ఈ సంగతి నాకు తెలిసిన తీరు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేశాను. కాగితాల పనే నా వృత్తి. ప్రతి రంజాన్‌కూ జకాత్ లెక్క చూసి పంపేవాడిని. మా ఊరి మసీదుకు ఫ్యాన్లు కావాలంటే పంపాను, వజూ నల్లాలకు పంపాను. ఊరికి చేయాల్సింది చేస్తున్నానని తృప్తిగా ఉండేది. పెళ్లిళ్లలో మామ ఖర్జూరం కథ అందరికంటే బాగా చెప్పేవాడిని కూడా.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లికి ఇల్లందు వెళ్లి, పాత లైను చూద్దామని నడిచాను. అత్త గడప మీద కూర్చుని ఉంది. గుర్తుపట్టి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మీ అమ్మ మంచిగున్నదా?" అంది. మామ ఏడీ అని అడిగాను. పోయి మూడేళ్లయిందట. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. పింఛను వస్తున్నదా అంటే ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో మామ సర్వీసు కాగితాలు ఒక పేరుతో, ఆధార్ కార్డు ఇంకో పేరుతో ఉన్నాయి. కొడుకు కూలి పనికి వేరే రాష్ట్రంలో ఉన్నాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక, మూడేళ్లుగా ఆ సంచిని ఆమె అలాగే దాచింది. పక్కింటి చాకిరీ చేసుకుంటూ బతుకుతోంది.

ఆ పని నాకు చేతనైన పనే. పాతవాళ్లను వెతికి సాక్ష్యాలు రాయించడం, అఫిడవిట్ చేయించడం, ఫోటోలు, బ్యాంకు ఖాతా, దరఖాస్తు. నాలుగైదు సార్లు తిరిగితే కొన్ని నెలల్లో పింఛను మొదలైంది. ఖర్చు చూస్తే బస్సు చార్జీలు, స్టాంపు కాగితాలు. మసీదు ఫ్యాన్లకు నేను ఇచ్చినదానిలో పదోవంతు కూడా కాలేదు. మొదటి పింఛను పడిన రోజు అత్త ఫోను చేయించి, "మీ నాయిన ఉంటే గిట్లనే ఉరికేటోడు" అంది. ఆమె మెచ్చుకుందో, మూడేళ్ల ఆలస్యాన్ని గుర్తుచేసిందో నేను అడగలేదు.

ఫ్యాన్లు ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. ఆ గాలి కింద నమాజు చేసేవాళ్లలో రిటైరైన కార్మికులు ఎందరో ఉన్నారు. కానీ అబ్బా పైకి రాగానే నీళ్ల బకెట్టు వదిలి పరుగెత్తింది ఎవరో చందా అడిగితే కాదు. ఒక దీపం తక్కువైందని తెలిసి. నేను ఏటా డబ్బు పంపాను, ఎవరి దీపం తక్కువైందో మాత్రం చూడలేదు.

మా అమ్మాయికి జవాబు

కాబట్టి అమ్మాయీ, ఆ ఊరంటే మాకు ఎందుకంత ముద్దు అంటే, అక్కడ మమ్మల్ని ఎవరో ఒకరు ఎప్పుడూ లెక్కపెడుతూ ఉండేవారు. పొగ, దుమ్ము, ప్రమాదం ఉన్నది నిజం. వాటిని మెచ్చుకోవాల్సిన పని లేదు. అలాంటి చోట కూడా ఒక మనిషి రాత్రికి ఇంటికి చేరాడా లేదా అని పది ఇళ్లు కనిపెట్టుకుని ఉండేవి. ఇప్పుడు ఆ పది ఇళ్లు పది ఊళ్లలో ఉన్నాయి. కనిపెట్టుకుని ఉండడం ఇక దానంతటదే జరగదు, ఎవరో పూనుకుని చేయాలి.

పెళ్లి నుంచి వచ్చాక నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మా లైనులో, పక్క లైనులో ఉండిన కుటుంబాలు, ముప్పై నాలుగు పేర్లు. మతం చూడలేదు, లైను చూశాను. రంజాన్‌కు ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి అందరికీ ఫోను చేస్తాను. అడిగేవి నాలుగే ప్రశ్నలు. మనిషి ఎలా ఉన్నారు? పింఛను పడుతున్నదా? ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లారా? పిల్లలు చదువు ఆపేశారా? ఫోను ఎత్తినవారి పేరు పక్కన టిక్కు పెడతాను. ఎత్తనివారి ఇంటికి ఊళ్లో ఉన్న మా దోస్తు ఒకడు వెళ్లి చూసి వస్తాడు. డబ్బు అవసరమైతే అప్పుడు నలుగురినీ అడుగుతాం. చాలాసార్లు కావాల్సింది ఒక సంతకం, ఒక దరఖాస్తు, ఒక తోడు.

ఈ సంచిక చదివే మీలో చాలామందికి మీమీ బొగ్గుట్టలు ఉంటాయి. బీడీల ఊరో, మగ్గాల ఊరో, రైల్వే కాలనీయో. ఈసారి ఊరివాళ్లు కలిసి ముచ్చట్లు మొదలుపెట్టినప్పుడు, ఆ ముచ్చట్లలో వచ్చే మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియని పేర్ల దగ్గర ఒక చిన్న గడి గీయండి.

పోయిన రంజాన్‌కు మా పుస్తకంలో ముప్పై ఒక్క టిక్కులు పడ్డాయి. ఇంకో మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. వాటి కోసం తిరుగుతున్నాం.